మేకపోతు తాడు

ఎండాకాలం చివర ఆర్మూర్‌లో పసుపు సీజన్ అయిపోయి, సేటు గోదాములో పాలిష్ డ్రమ్ము ఆగిన మరునాటి నుంచి గంగామణి గుంపుకు టూరు పిచ్చి పట్టుకుంటుంది. పదకొండు మంది ఆడవాళ్లు. ఐదు నెలలు పసుపు కొమ్ములు ఒక కుప్ప, గుండ్రటి మండలు ఒక కుప్ప ఏరి, మోచేతుల దాకా పసుపు పట్టించుకుని, దుమ్ముకు దగ్గి దగ్గి, ఏడాదికి ఒక్కరోజు బండి మాట్లాడుకుని ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి పోతారు. మేకను కోసుకుంటారు, వండుకుని తింటారు, పాటలు పాడుకుంటూ వస్తారు. మంచి పనే. వద్దనేవాడి నోట్లో మన్ను. కానీ ఆ ఒక్కరోజు ఏ రోజో తేల్చడానికి ఆ పదకొండు మందీ కలిసి కూర్చున్నారంటే మాత్రం, వినేవాళ్లకు తల తీసుకెళ్లి గోడకు కొట్టుకోవాలనిపిస్తుంది.

రత్నవ్వకు మూడేళ్లుగా అలాగే అనిపిస్తోంది. ఈసారి కూడా గోదాము అరుగు మీద ఒక మూలన కూర్చుని, చీర కొంగుతో విసురుకుంటూ వింటోంది.

"సోమారం నేను ముక్క ముట్ట," అంది రామవ్వ. గుంపులో పెద్దావిడ, శివుడి భక్తురాలు.

"మంగళారం మా ఇంట్ల ఎవ్వలు పొలిమేర దాటరు," అంది ఇంకొకామె.

బుధవారం పొదుపు సంఘం మీటింగు. గురువారం ఉమారాణికి సాయిబాబా ఒక్కపొద్దు. శుక్రవారం లక్ష్మీదేవి. ఇది స్వయంగా గంగామణిదే. ఆమె మేస్త్రి, ఆమె మాటే మాట, కాబట్టి ఆ రోజు గురించి ఎవరూ నోరెత్తలేదు. శనివారం వెంకన్న పేరు మీద సగం గుంపు చేతులెత్తింది.

"ఇగ ఐతారమే మిగిలింది," అని తేల్చింది గంగామణి. "ఐతారం ఎవ్వలకు ఏం లేదు గదా?"

"నాకు ప్రార్థన ఉంటది," అంది రత్నవ్వ.

అందరూ తలలు తిప్పి చూశారు. గుంపులో క్రైస్తవురాలు రత్నవ్వ ఒక్కతే. అది తెలియక కాదు. తెలిసీ ఎప్పుడూ గుర్తుండదు, అంతే.

"ఒక్క ఐతారమే గదా రత్నక్కా," అంది గంగామణి, బెల్లం ముక్క నోట్లో పెట్టినట్టు. "నీ దేవుడు యాడికి పోతడు? జర సర్దుకో."

ఆరు రోజులకు ఆరు అడ్డంకులు వచ్చాయి. వాటిలో ఒక్కటీ సర్దుకోలేదు. శివుడు సర్దుకోలేదు, సాయిబాబా సర్దుకోలేదు, ఆఖరికి సంఘం మీటింగు కూడా సర్దుకోలేదు. ఎక్కడికీ పోకుండా ఉండేది రత్నవ్వ దేవుడొక్కడేనట. ఆయన మంచివాడు కాబట్టి ఆయన్నే పక్కకు జరపాలట. రత్నవ్వకు ఒళ్లు మండింది. మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అన్నారా?

అసలు ఆమె ఈ టూరుకు ఎందుకు పోతుందో చెప్పాలి. ఏడుపాయల దారిలోనే మెదక్ ఉంది. మెదక్‌లో పెద్ద చర్చి ఉంది. రత్నవ్వ వాళ్ల అమ్మ తండ్రి, అంటే తాత, ఎనిమిది తొమ్మిదేళ్ల పిల్లవాడిగా ఆ చర్చి కట్టేటప్పుడు తల్లి వెంట సున్నపు గచ్చు తట్ట మోశాడు. కరువు కాలం. పొద్దంతా మోస్తే సాయంత్రం గింజలు కొలిచి ఇచ్చేవాళ్లట. ఆ గింజలతోనే ఇంట్లో అందరూ బతికి బయటపడ్డారు. తర్వాత ఆయన కూలికి వేల్పూర్ వచ్చి అక్కడే ఉండిపోయాడు. ముసలితనంలో రత్నవ్వను ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నేను మోసిన గచ్చు ఏ గోడల ఉన్నదో దేవునికే ఎరుక బిడ్డా," అనేవాడు.

రత్నవ్వకు యాభై ఐదేళ్లు వచ్చాయి. ఆ గోడ ఇంతవరకు చూడలేదు. కూతురు సువార్త బస్సులో తీసుకుపోతానని ఎన్నోసార్లు అంది. రత్నవ్వే వద్దంది. ఆమె కోరిక ఒట్టి చూడటం కాదు. తనతో పాటు పసుపు దుమ్ము తిన్న ఈ పదిమందినీ ఆ మెట్లెక్కించి, "గిదే మా తాత మోసింది," అని చూపించాలి. ఏటా వాళ్లు దుర్గమ్మను చూపిస్తున్నారు, తానూ ఒకటి చూపించాలి. ఇంత చిన్న కోరిక, అంతే.

మూడేళ్ల కింద మొదటిసారి ఈ మాట చెబితే గంగామణి వెంటనే ఒప్పుకుంది. "గంతకన్న ఏం గావాలె అక్కా, వచ్చేటప్పుడు తప్పకుండ ఆగుదాం," అంది. ఆ ఏడాది వచ్చేటప్పుడు వాన. రెండో ఏడాది మాంసం ఎక్కువై రామవ్వకు కడుపు చెడింది. మూడో ఏడాది చీకటి పడింది. అప్పుడు గంగామణి పెద్ద మనసు చేసుకుని, "బండి జర స్లో చెయ్యి," అని డ్రైవరుకు చెప్పి, "అక్కా, కిటికీలకెల్లి దండం పెట్టుకో," అంది. రత్నవ్వ కిటికీలోంచి చూసింది. చీకట్లో చెట్లు, వాటి మీద ఎక్కడో నల్లగా ఒక శిఖరం.

ఇదంతా ఒక ఎత్తు. ఏడుపాయల దగ్గర జరిగేది ఇంకో ఎత్తు. "నీవు లోపలికి రావు గదా," అని సంచులన్నీ రత్నవ్వ ముందు కుప్ప పోసి పదిమందీ దర్శనానికి పోతారు. "ఊకెనే కూసుంటవు గదా," అని ఉల్లిగడ్డలు కూడా ఇచ్చిపోతారు. వాళ్లు వచ్చేసరికి పొయ్యి అంటుకుని ఉండాలి, మసాలా నూరి ఉండాలి. మేకను ఆమే వండుతుంది, గుంపులో ఆమె చేతి రుచి ఎవరికీ లేదు మరి. మొక్కిన మాంసం కాబట్టి తాను మాత్రం తినదు. ఇంటి నుంచి తెచ్చుకున్న టమాటా తొక్కుతో అన్నం తింటుంది. చందా మాత్రం అందరితో సమానం. అక్కడ గంగామణి న్యాయానికి వంక పెట్టలేం.

ఈసారి అరుగు మీద కూర్చుని రత్నవ్వ కొంగు విసరడం ఆపింది.

"సరే, ఐతారమే పోదాం. కానీ పోయేటప్పుడే మెదక్ గుడి. వచ్చేటప్పుడు కాదు."

ఒక్కసారిగా గోల లేచింది. దర్శనం కాకముందు ఇంకో గుడేంటని ఒకరు, ఒక్కపొద్దుతో ఎంతసేపు తిరగాలని ఇంకొకరు. "నా మోకాళ్లు గుంజుతయి, రెండు జాగల దిగుడు ఎక్కుడు నాతోటి కాదు," అంది రామవ్వ.

"అయితే నేను రాను. మీరు పోయి రాండ్రి," అంది రత్నవ్వ.

గోల ఆగింది. చివరికి చిన్నది ఉమారాణే అందరి మనసులో ఉన్నది బయటపెట్టింది. "రత్న పెద్దమ్మ రాకుంటే మరి వంట ఎవ్వలు చేస్తరు?"

గంగామణి గొంతు సవరించుకుంది. "ఆగుండ్రి. రత్నక్క మూడేండ్ల సంది అడుగుతుంది. గీసారి పోయేటప్పుడే ఆగుదాం. అరగంట. అక్క కోసం మనం గంత సర్దుకోలేమా?"

"గంగామణి న్యాయం చెప్తే గిట్లుంటది!" అన్నారు అందరూ. మెచ్చుకోళ్లన్నీ గంగామణి ఖాతాలో పడ్డాయి. రత్నవ్వకు అదేం పట్టలేదు. ఆ రాత్రి పెట్టె అడుగు నుంచి తెల్ల చీర తీసి మడతలు సరిచేసింది.

"మల్ల ఉల్లిగడ్డలు కోయడానికేనా తయారైతున్నవ్?" అంది సువార్త. బస్టాండు దగ్గర మొబైల్ షాపులో పనిచేస్తుంది, నోటికి కళ్లెం లేదు. "నువ్వే అలుసు ఇచ్చినవమ్మా వాళ్లకు. ఒక్కసారన్న గట్టిగ కాదను."

"గీసారి గట్టిగనే చెప్పిన."

"చెప్తే సరిపోదు," అంది సువార్త.

ఆదివారం పొద్దున ఆరింటికి బండి వస్తుందన్నారు. తుఫాన్ జీపు ఆరింటికే వచ్చింది. ఆడవాళ్లే రాలేదు. ఒకరికి బిందె నిండలేదు, ఒకరికి మనవడు ఏడుస్తున్నాడు. చివరికి ఎనిమిదింటికి గంగామణి మేకపోతును పట్టుకుని వచ్చింది. నల్లటిది, నుదుటి మీద తెల్ల చుక్క, మెడలో బంతిపూల దండ. దాన్ని చూడగానే ఇంకో పంచాయితీ మొదలైంది. బండిలో దాని పక్కన ఎవరు కూర్చోవాలి?

ముందు సీటు రామవ్వ మోకాళ్లకు. కిటికీ పక్కన వాంతులయ్యేవాళ్లకు. నడుమ సీటు గంగామణికి, దారి చెప్పాలి కాబట్టి. ఉమారాణిది కొత్త చీర. వెనక ఎదురెదురు సీట్లలో ఒకటి మేకపోతుకు ఇచ్చారు. దాని ముందు ఎవరు అన్నప్పుడు అందరి చూపులూ ఎటు తిరిగాయో వేరే చెప్పాలా?

"దుర్గమ్మకు మొక్కిన మేక. మాకు దాని మీద కాలు తగిలితే దోషం," అంది గంగామణి. "నీకైతే గా పట్టింపు లేదు గదా అక్కా. జర సర్దుకో."

తెల్ల చీర కట్టుకున్న రత్నవ్వ మేకపోతు ఎదురుగా కూర్చుంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, చర్చికి పోతూ మేకను ఎదురుగా పెట్టుకుని బయలుదేరింది. తాడు ఆమె చేతికి రెండు చుట్లు చుట్టారు. డిచ్‌పల్లి దాటే లోపు అది తెల్ల చీర కుచ్చిళ్లు ఒక మూల నమిలేసింది. రత్నవ్వ మొదట అదిలించింది, తర్వాత బతిమాలింది, చివరికి చెవి వెనక గోకితే నోరు మూసుకుంటుందని కనిపెట్టింది. అలా గోకుతూ కామారెడ్డి చేరింది. అక్కడ అందరూ దిగి చాయ్ తాగారు. ఒక్కపొద్దుకు చాయ్ అడ్డం రాదట. రత్నవ్వకు గ్లాసు ఎవరో కిటికీలోంచి అందించారు, మేకను వదిలి దిగడానికి లేదు మరి.

అయినా ఆమెకు కోపం రాలేదు. మెదక్ దగ్గరపడుతున్న కొద్దీ కిటికీలోంచి తల బయటపెట్టి చూడసాగింది. దూరం నుంచే ఆ శిఖరం కనిపించింది. ఈసారి పట్టపగలు, బూడిద రంగు రాయితో ఆకాశంలోకి లేచి. "అగో, గదే," అంది గట్టిగా. ముందు సీట్లలో పాట జోరుగా సాగుతోంది, ఎవరూ వినలేదు.

పదకొండున్నరకు బండి గేటు దగ్గర ఆగింది. డ్రైవర్ రాకేష్‌కు ఒక్కపొద్దు ఏమీ లేదు కాబట్టి, తాళంచెవి జేబులో వేసుకుని టిఫిన్‌కు పోయాడు. ఆడవాళ్లు దిగి చీరలు దులుపుకున్నారు. తలెత్తి చూసి, "వామ్మో, ఎంత పొడుగున్నదే!" అని నోళ్లు తెరిచారు. రత్నవ్వకు గర్వంగా అనిపించింది. ఇల్లు చూపించే ఇల్లాలిలా కొంగు సర్దుకుని, "రాండ్రి, లోపల చెప్త," అంది. అప్పుడే ఆమె చేతిలో తాడు బిగిసింది.

"మరి మేక?" అంది ఉమారాణి.

బండిలో వదిలితే ఎండకు గుడ్లు తేలేస్తుంది. చెట్టుకు కడితే ఎవడైనా విప్పుకుపోతాడు. మొక్కిన మేకకు ఏమైనా అయితే అమ్మవారు ఊరుకుంటుందా? లోపలికి తీసుకుపోయే మాటే లేదు. పదిమందీ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. తర్వాత పదిమందీ రత్నవ్వను చూశారు.

"అక్కా, నీకైతే అలవాటైంది, నీ మాట వింటది," అంది గంగామణి. "మేం గిట్ల పోయి గట్ల వస్తం."

"నేను చూపిస్త అనుకున్న గంగామణీ..."

"చూపిచ్చేదేమున్నదక్కా, మాకు కండ్లు లేవా? గీ గుడి నీదే గదా, నువ్వు ఎప్పుడన్న రావచ్చు. మాకు మల్ల దొరుకుతదా? అరగంట అంటే అరగంటే."

చేతి సంచులు కూడా చెట్టు కింద పెట్టేశారు. పదిమందీ కిలకిలమంటూ గేటు దాటిపోయారు.

రత్నవ్వ తాడు పట్టుకుని నిలబడింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఎవరితో చెప్పుకోవాలి? మేకతోనా? మూడేళ్లు వచ్చేటప్పుడు అన్నారు, సహించింది. పోయేటప్పుడు అని గట్టిగా అడిగింది, ఒప్పుకున్నారు. ఒప్పుకుని, తీసుకొచ్చి, గేటు దాకా తెచ్చి, ఆమెను బయట నిలబెట్టి వాళ్లు లోపలికి పోయారు. ఇది ఏ లోకపు న్యాయం? సువార్త మాట చెవిలో గింగురుమంది. చెప్తే సరిపోదు.

లోపల ఆరాధన ముగిసి జనం బయటికి వస్తున్నారు. తెల్ల చీరలు, చేతుల్లో బైబిళ్లు. బంతిపూల దండ వేసిన మేకను పట్టుకుని గేటు ముందు నిలబడ్డ మనిషిని వింతగా చూసుకుంటూ పోతున్నారు. ఒక ముసలాయన ఆగి, దయగా, "ఏడుపాయలకా అమ్మా?" అన్నాడు.

నేను కూడా మీ మనిషినే అని చెప్పాలనుకుంది. చేతిలో తాడు, కాళ్ల దగ్గర మేక. ఏమని చెబుతుంది? "ఔ నాయినా," అంది. ఆయన వెళ్లిపోయాడు. ఆమె వంగి మేక చెవి వెనక గోకింది.

అరగంట అయింది. ముప్పావుగంట అయింది. రాకేష్ టిఫిన్ తిని వచ్చి బండిలో నిద్రపోయాడు. గంట దాటాక పదిమందీ తిరిగొచ్చారు. పోయేటప్పుడు ఆకలి ఆకలి అన్న ముఖాలు వెలిగిపోతున్నాయి. రామవ్వ మోకాళ్లు కూడా బాగానే నడుస్తున్నాయి.

"పెద్దమ్మా, నువ్వు చూడాలె!" అని ఉరికొచ్చింది ఉమారాణి. "అద్దాల మీద మస్తు రంగుల బొమ్మలు! ఎండ పడుతుంటే కండ్లు తిప్పబుద్ధి కాలేదు. లోపల ఒకాయన చెప్పిండు, కరువు కాలంల పేదోళ్లకు గింజలిచ్చి కట్టిచ్చిండ్రట గీ గుడి. చిన్న చిన్న పిల్లలు గూడ గచ్చు మోసిండ్రట! నీకు తెల్సా?"

రత్నవ్వ ఉమారాణి ముఖంలోకి చూసింది. పాపం, ఆ పిల్ల ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే అడుగుతోంది. వేల్పూర్ ఇంట్లో తాత ఒళ్లో కూర్చుని విన్న మాట, ఇంతకాలం దాచుకుని పదిమందికీ తన నోటితో చెప్పాలనుకున్న ఒకే ఒక్క మాట, ఎవరో చెబితే విని వచ్చి ఈమెకే చెబుతున్నారు.

"తెల్సు," అంది.

"ఎక్కుండ్రి ఎక్కుండ్రి, లేటైతుంది," అని గంగామణి చప్పట్లు కొట్టింది. "దర్శనం లైను పెరుగుతది. రత్నక్కా, ఫికర్ చెయ్యకు. వచ్చేటప్పుడు ఆగుదాం, అప్పుడు తొందరుండదు, నువ్వు నిమ్మలంగ చూడు."

రత్నవ్వ చేతికి ఉన్న రెండు చుట్లూ విప్పింది. మణికట్టు మీద ఎర్రగా వాత పడి ఉంది. గంగామణి చేయి పట్టుకుని, ఆ మణికట్టుకు తాడు రెండు చుట్లు చుట్టింది.

"ఏందక్కా గిది?"

"పట్టుకో. మంచి మేకనే, ఏమనదు. ఒర్రితే చెవెనక గోకు."

"అక్కా, అందరం ఆకలితోటి ఉన్నం! రామవ్వను చూడు! నాకు దోషం తగుల్తదక్కా!"

"జర సర్దుకో," అంది రత్నవ్వ.

గేటు దాటి నడిచింది. మేక నమిలిన కుచ్చిళ్లు కాళ్లకు తగులుతున్నాయి. వెనక గంగామణి పిలిచింది, ఉమారాణి పిలిచింది. మేకపోతు కూడా గట్టిగా అరిచింది. దానికి మాత్రం తిరిగి చూడబోయి ఆపుకుంది. మెట్ల దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది.

లోపల చల్లగా ఉంది. పొడుగాటి స్తంభాలు. ఎదురుగా రంగుల అద్దాలు, ఉమారాణి చెప్పినట్టే. ఆ మాట ముందే వినకుండా ఉంటే బాగుండేదని రత్నవ్వకు కష్టమనిపించింది. గోడ పక్కకు పోయి, ఐదు నెలల పసుపు ఇంకా వదలని వేళ్లతో రాళ్ల నడుమ సందును తడిమింది. ఏ గోడో దేవునికే ఎరుక. ఈ గోడే అనుకుంది.

బయట హారన్ కొట్టారు. ముందు చిన్నగా, తర్వాత పొడుగ్గా, తర్వాత ఆపకుండా. రత్నవ్వ రొంటిన దోపుకున్న ఫోను తీసి టైము చూసింది. పన్నెండు నలభై. వాళ్లు గంట చూశారు. తనకు మాట ఇచ్చింది అరగంట. ఒంటిగంట పదికి లేస్తే సరిపోతుంది. ఫోను ఆఫ్ చేసి, తాత గోడకు వీపు ఆనించి, కాళ్లు చాపుకుని కూర్చుంది.